శూన్యాంశ దోషం

సంస్మరణ సంచికకు ఒక్క పేజీ రాయమన్నరు,
దస్తగీర్ సారు జీవితం.
పుట్టిన తేదీ కాడనే కలం ఆగింది.
బడి రిజిస్టర్ల ఒకటుంది,
పింఛను కాగితంల ఇంకొకటి.
వాళ్లమ్మ చెప్పింది మాత్రం
పెద్ద గాలికి పల్లి కుప్పలు లేసిపోయిన ఏడని.

కోస్గి సంత దాటినంక
మూతపడ్డ నూనె మిల్లు.
ఆ రేకుల కిందనే మా బడి.
తుక్కు బజార్ల కొన్న లేత్ ఒకటి,
లారీ దించంగనే కనబడ్డది దాని ఒంటి మీది పగులు.
నాలుగు బెంచి వైసులు.
తొమ్మిది మంది పిల్లలు,
అందరియీ బొంబాయికి వలసపోయిన ఇండ్లే.
గానుగపిండి వాసన మూడేండ్లు పోలేదు.
డ్రాయింగు షీట్లకు సుత జిడ్డే,
మా పలకా బండా తెల్వని ఎలుకలు
ఐసోమెట్రిక్ బొమ్మల్ని మూలల నుంచి కొరికినయి.

అంతకుముందు సారు ఓవర్సీరు,
ఏదో డ్యాము కాడ. పేరు ఎన్నడూ చెప్పలె.
తట్టలు మోసింది మన పాలమూరోళ్లేనట.
ఒకనాడు గుడారంల నక్షా పరిచి
చాయ్ తాగొచ్చేసరికి
ముసలి మేస్త్రీ ఒకాయన దాని మీద వంగి ఉన్నడు,
తలకిందులు దిక్కు నిలబడి.
"ఏం జూస్తున్నవు తాతా?"
"ముప్పయ్యేండ్లాయె సారూ కట్టవట్టి.
ఏం కడుతున్ననో సూద్దామని."
సారు కథ ఇక్కడికే ఆపేటోడు.
ఆ నెలనే నౌకరీ ఇడిసిండని
మాకు వేరేటోళ్లు చెప్పిండ్రు.

మొదటి పాఠం సుత్తె కాదు, ఆకురాయి కాదు.
వెర్నియర్ కాలిపర్స్ చేతిల పెట్టి
దవడలు మూయమన్నడు.
రెండు సున్నాలు ఎదురెదురు నిలవలేదు.
"సూసినవా, ఏమీ పట్టకముందే
రెండు గీతలు అబద్ధమాడుతది.
కొత్తది కొన పైసల్లేవు. పారెయ్యకు.
ఎంత అబద్ధమో యాది పెట్టుకో,
కొలిచినంక తీసెయ్యి."

నేను పదో పిల్లను, కుర్వ మాసమ్మ బిడ్డను.
అన్నకు జొన్నరొట్టెలు తెచ్చి
తలుపు కాడ నిలబడి చూసేదాన్ని.
ఒక ఇనుప ముక్క ఇచ్చి, చదరంగ రాకమన్నడు.
పదకొండు దినాలు రాకిన.
మా అవ్వ కయ్యానికొచ్చింది:
"ఆడపిల్లకు ఇనుమెందుకు సారూ?"
"నీ చేతిల కొడవలి బంగారమా, మాసమ్మా?"

ఇగ తీసెయ్యవలసినవి.
కోపమొస్తే స్కేలుతోని ఏళ్ల మీద కొట్టేటోడు.
వడ్ల బ్రహ్మచారికి ఏడు నెలల జీతం బాకీ.
రజియమ్మ చెవుల కమ్మలు
అడగకుండనే డ్రిల్లింగు మిషను అయినయి.
ఆమె చివరిదాకా ఆ మిషనును
"నా కమ్మలు" అనే పిలిచింది,
నవ్విందో లేదో నాకు గుర్తు లేదు.

సభల ఒకాయన అన్నడు,
వేల మంది ఇంజినీర్లను తయారు చేసిండని.
ఇంజినీర్లు కాదు.
ఫిట్టర్లు, టర్నర్లు, మోటరు వైండర్లు,
ఇద్దరు క్రేను నడిపేటోళ్లు,
ఎండకాలం బోరు ఆగితే
అర్ధరాత్రి లేచిపోయేటోళ్లు.

రిజిస్టర్లు ముందటేసుకొని లెక్కవెట్టిన:
మూడు వందల పన్నెండు.

పోయిన వారం మహబూబ్‌నగర్‌ల సైటు మీద
నక్షా పరిస్తే
తట్ట దించి ఒకామె ఆగింది.
షీటును ఆమె దిక్కు తిప్పిన.
"గిది మెట్లా?" అన్నది.
మెట్లే.

పొద్దుగాల సంచిక వాళ్ల ఫోను.
"పన్నెండేంది మేడమ్, ఐదు వందలని రాద్దం,
చదువుతుంటే నిండుగుంటది."
సొరుగుల నుంచి సారు వెర్నియర్ తీసి
దవడలు మూసి చూసుకున్న.
రెండు గీతలు. ఇంకా అట్లనే.

"మూడు వందల పన్నెండే వెయ్యిండ్రి," అన్న,
"అందుల నలభై ఒక్కరు నడుమల పోయిండ్రు.
అదీ వెయ్యిండ్రి."